వరంగల్‌కు ఒక్కరే వస్తున్నారా? సోపతి కుదరడానికి, పాత ముద్రలు చెరపడానికి ఒక తొవ్వ

"ఒక్కదాన్నే వస్తే ఫర్వాలేదా?" "గుంటూరు వాళ్లమని తెలిస్తే ఏమైనా అంటారా?" "మూడు రోజులు ఎవరితో మాట్లాడకుండా ఎట్లా గడపాలి?" నేను హనుమకొండలో ఉంటానని తెలిసినవాళ్లంతా అడిగేవి ఈ మూడే. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట పెడుతున్నాను. గుళ్ల చరిత్ర, హోటళ్ల రేట్లు ఇందులో ఉండవు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. కోస్తా నుంచో, సీమ నుంచో, హైదరాబాద్ నుంచో ఒంటరిగా వచ్చేవాళ్లకు ఇక్కడి మనుషులతో మాట ఎట్లా కలుస్తుంది, కలిసిన మాట "మీ ఆంధ్రోళ్లు", "మీ తెలంగాణోళ్లు" దగ్గర ఇరుక్కుపోకుండా ఎట్లా ముందుకు పోతుంది, అంతవరకే. సోపతి అంటే స్నేహం, తోడు; తొవ్వ అంటే దారి. మా దిక్కు మాటలివి.

వచ్చే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఆధార్ అసలు కార్డు. లాడ్జిలో అందరికీ, బస్సులో తెలంగాణ ఆడవాళ్లకు అవసరం.
- చిల్లర. పది, ఇరవై రూపాయల నోట్లు. షేర్ ఆటోలో ఫోన్‌పే ఉన్నా సిగ్నల్ ఉండాలి కదా.
- ఇంట్లో ఒకరికి మీ లొకేషన్ వెళ్లే ఏర్పాటు. ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలోకి పోయే రోజున "సాయంత్రం దాకా ఫోన్ కలవకపోవచ్చు" అని ముందే చెప్పండి. లేకపోతే మీ అమ్మగారు మధ్యాహ్నానికే పోలీసులకు ఫోన్ చేస్తారు.
- మీ ఊరి తినుబండారం ఏదైనా, పొట్లం కట్టి. పూతరేకులో, చెగోడీలో, ఏదైనా సరే. రైల్లో పెట్టడానికి.
- ఒక పని. ఇది అన్నిటికంటే ముఖ్యం. "ఊరికే చూద్దామని వచ్చాను" అంటే ఎదుటివాళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. "జంపఖానా కొనాలి, నేసేచోటే కొనాలని వచ్చాను" అనండి, ఆటో డ్రైవర్ దగ్గరి నుంచి పక్క సీటు పెద్దమనిషి దాకా అందరికీ సలహా ఉంటుంది.

1. పగలే దిగండి, సరైన స్టేషన్‌లో దిగండి

కాజీపేట, వరంగల్ రెండు వేర్వేరు స్టేషన్లు, హనుమకొండ వాటి మధ్యలో ఉంటుంది. విజయవాడ నుంచి వస్తే ముందు వరంగల్, సికింద్రాబాద్ నుంచి వస్తే ముందు కాజీపేట. కొన్ని బళ్లు ఒకదాంట్లోనే ఆగుతాయి, టికెట్ మీద చూసుకోండి.

గోల్కొండ, శాతవాహన లాంటి పగటి బళ్లలో కూర్చునే బోగీ ఎక్కండి. ఏసీలో పడుకుని వస్తే దిగేదాకా ఎవరూ మాట్లాడరు. పగటి బండిలో ఖమ్మం దాటేసరికి "యాడిదాక?" అని ఎవరో ఒకరు అడిగే తీరుతారు.

2. గది: "ఒక్కరికి ఇయ్యం" అంటే

చిన్న లాడ్జిలు కొన్ని ఒంటరి మనిషికి గది ఇవ్వవు. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ. ఒక్కరే వచ్చి తలుపేసుకుని ఏమైనా చేసుకుంటారేమోనని వాళ్ల భయం. అన్ని ఊళ్లలో ఉన్న భయమే. దాన్ని మీ ప్రాంతానికి ముడిపెట్టకండి.

ముందు రోజే ఫోన్ చేసి "ఒక్కరమే, రెండు రాత్రులు, రామప్పకు పోతున్నాం" అని చెప్పండి. పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్ నక్కలగుట్టలో ఉంది. నిట్, మెడికల్ కాలేజీ చుట్టుపక్కల, పిల్లల్ని దింపడానికి తల్లిదండ్రులు వచ్చి దిగే హోటళ్లు కూడా చూడండి. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన నిట్‌లో దేశం నలుమూలల పిల్లలు చదువుతారు కాబట్టి, అక్కడి వాళ్లకు ఒంటరి అతిథి వింత కాదు.

గది నంబరు ఎంత మంచి సోపతికీ చెప్పొద్దు. హోటల్ పేరు కూడా వీలైనంతవరకు దాటవేయండి. "చౌరస్తా దగ్గర" అంటే చాలు.

3. "మీదే ఊరు?" అని అడిగితే

ఈ ప్రశ్నకే చాలామంది బిగుసుకుపోతారు. ఇక్కడ ఇది ఆరా తీయడం కాదు, మాట మొదలుపెట్టే పద్ధతి. మా పక్క ఊరి వాళ్లనూ ఇదే అడుగుతాం, ఆ తర్వాత "ఎవలింటికొచ్చిన్రు?" అంటాం.

జవాబులో రాష్ట్రం పేరు కాకుండా ఊరి పేరు చెప్పండి. "ఆంధ్రా" అనగానే ఎదుటి మనిషి తలలో ఉన్న పాత బొమ్మ వచ్చి మీ మొహం మీద కూర్చుంటుంది. "తెనాలి పక్కన చిన్న ఊరు, నిమ్మతోటలుంటాయి" అంటే ఆ బొమ్మకు చోటుండదు. వెంటనే నిమ్మకాయ ధర అడుగుతారు. "మా దిక్కు పత్తి పోయినేడు ముంచింది" అని వాళ్ల సంగతి చెబుతారు. ఇంతే, మాట పడింది. హైదరాబాద్ వాళ్లకూ ఇదే చెబుతాను. "సిటీ" అని ఊరుకుంటే మీ మీదా ఒక ముద్ర ఉంది ఇక్కడ. పేట పేరు చెప్పండి, మీ తాతల ఊరు చెప్పండి.

కాసేపటికి ఇంకో ప్రశ్న రావచ్చు: "మీరేందోళ్లు?" కులం అడుగుతున్నారు. చెప్పాలని లేకపోతే వృత్తి చెప్పండి: "మా నాయిన బడిపంతులు", "మేం కిరాణా కొట్టోళ్లం". సాధారణంగా అక్కడితో ఆగుతారు. మళ్లీ అడిగితే నవ్వి, వాళ్ల పిల్లలేం చదువుతున్నారని అడగండి. ఉపన్యాసం మొదలుపెడితే మాత్రం బోగీ అంతా మీ వైపు తిరుగుతుంది.

4. పిలుపు సరిచూసుకోండి

మీ వయసు వాళ్లను అన్నా, అక్కా. పెద్దావిడను అవ్వా, పెద్దమ్మా. ఆఫీసులో, బడిలో సారు, మేడం. ఇవి చాలు. మీరు "అండి" అంటే ఎవరూ కాదనరు, మీ మాట మీరు మాట్లాడండి. కానీ వాళ్లు "నువ్వు కూసో బిడ్డా" అంటే అమర్యాద అనుకోవద్దు. ఆ పెద్దావిడ సొంత కొడుకుతో మాట్లాడినట్టు మీతో మాట్లాడుతోంది. "తెలంగాణ వాళ్లు దురుసు" అనే ముద్ర సగం ఇక్కడే పుట్టింది.

మిగతా సగం సినిమాలది. దశాబ్దాల పాటు ఈ యాసను రౌడీకి, తాగుబోతుకు, నవ్వించే పాత్రకు ఇచ్చి, హీరోకు మాత్రం కృష్ణా జిల్లా భాష పెట్టారు. సీమ యాసకు కత్తులు, బాంబులు కట్టబెట్టినట్టే. అందుకే ఒక గట్టి హెచ్చరిక: ఇక్కడికొచ్చి ఇక్కడి యాసను అనుకరించకండి. మీరు ప్రేమగానే అంటారు, కానీ వినేవాళ్లకు అది వెక్కిరింతలాగే ఉంటుంది. మాట అర్థం కాకపోతే అడగండి, ఎవరైనా సంతోషంగా చెబుతారు. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని రాష్ట్రం భాషా దినోత్సవంగా జరుపుతుంది. ఆయన హనుమకొండ మనిషి. ఇక్కడ భాష సంగతి సున్నితం ఎందుకో అర్థమైంది కదా.

5. సోపతి దొరికే చోట్లు

వేయిస్తంభాల గుడి దగ్గర దొరకదు, నా మాట నమ్మండి. 1163లో కట్టిన గుడి, చూడాల్సిందే. కానీ అందరూ ఫొటోల హడావుడిలో ఉంటారు. మనుషులు పనిలోనో, తీరుబడిలోనో ఉన్న చోటికి పోవాలి.

*భద్రకాళి చెరువు కట్ట.* పొద్దున్నే నడిచేవాళ్లుంటారు. రెండో రోజు కూడా అదే వేళకు పోండి. మొదటి రోజు చూసి ఊరుకున్నవాళ్లు రెండో రోజు పలకరిస్తారు. ఒంటరి ప్రయాణంలో నాకు తెలిసిన పెద్ద కిటుకు ఇదే: కొత్త చోటు వెతక్కుండా, చూసిన చోటికే మళ్లీ పోవడం. అదే చాయ్ బండి, అదే టిఫిన్ సెంటర్.

*కొత్తవాడ.* వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసే ఇళ్లు ఈ పేటలో ఉన్నాయి. మగ్గం నడుస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి "చూడొచ్చా అన్నా?" అని అడగండి. ఫొటో తర్వాత. ముందు కూర్చుని, పోగు తెగితే ఎట్లా అతుకుతున్నాడో చూడండి. ఆ అతుకు గురించి అడిగినవాళ్లకు చెప్పినంత ఓపికగా "ఇది ఎంత?" అన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. కొనదలుచుకుంటే గీసి గీసి బేరం ఆడకండి. "తెలివి మీరినోళ్లు" అని కోస్తా వాళ్ల మీద ఇక్కడున్న ముద్ర మీకు తెలిసిందే కదా.

*ఖిలా వరంగల్.* కీర్తి తోరణాలున్న కోట లోపల జనం కాపురాలున్నాయి. సాయంత్రం పూట అరుగుల మీద కూర్చుంటారు. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదేనని పిల్లలు మీకే పాఠం చెబుతారు, చెప్పనివ్వండి.

*రామప్ప తొవ్వ.* హనుమకొండ బస్టాండ్‌లో ములుగు వైపు బస్సెక్కి జంగాలపల్లి దగ్గర దిగితే, అక్కడి నుంచి పాలంపేటకు ఆటో. ఒక్కరికే మాట్లాడుకుంటే ఖర్చు. కాసేపు ఆగితే ఇంకో ఇద్దరు వస్తారు, పంచుకోండి. గుళ్లోకి వాళ్లతోనే పోతారు కాబట్టి అరపూట సోపతి దానంతటదే కుదురుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గైడ్‌ను కూడా నలుగురూ కలిసి పెట్టుకోండి. నీళ్లలో తేలే ఇటుకల కథ నలుగురితో వింటేనే బాగుంటుంది. రామప్ప, లక్నవరం చెరువు రెండూ ఒకే రోజు బస్సుల మీద పెట్టుకోకండి. తిరుగు బస్సు వేళ దిగేటప్పుడే కండక్టర్‌ను అడగండి.

*పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు.* 2023 డిసెంబర్ 9 నుంచి వీటిలో తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అందుకే బస్సు నిండా ఆడవాళ్లే ఉంటారు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకు ఇంతకంటే మంచి తోడు లేదు. అయితే మీ ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటే డబ్బులిచ్చి టికెట్ తీసుకోవాలి. కండక్టర్ కార్డు చూసి టికెట్ కొడితే అది మీ ప్రాంతం మీద చిన్నచూపు కాదు, నిబంధన. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఉన్న పథకం కూడా అక్కడి ఆడవాళ్లకే కదా. పక్క సీటావిడతో "మా దగ్గరా వచ్చిందక్కా" అనండి, ములుగు దాకా మాటలే మాటలు.

*బతుకమ్మ రోజులు.* ఆడవాళ్లు ఒక్కరే రావడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి సమయం లేదంటాను. సాయంత్రం ఏ వాడకైనా పోండి, వలయంగా ఆడుతుంటారు. దూరంగా నిలబడి వీడియో తీయకండి, చెప్పులు పక్కన విడిచి దగ్గరికి పోండి. ఎవరో ఒకరు పక్కకు జరిగి చోటిస్తారు. అడుగు తేలికే: ముందావిడ కాళ్లు చూడండి, ఆమె వంగినప్పుడు వంగండి, చప్పట్లు కొట్టినప్పుడు కొట్టండి. పాట రాకపోయినా "ఉయ్యాలో" దగ్గర గొంతు కలపండి. చేతిలో గుప్పెడు తంగేడు పూలు ఉంటే ఇంకా మంచిది. పొద్దున మార్కెట్‌లో తంగేడు, గునుగు కట్టలు దొరుకుతాయి. గునుగు తెల్లగా ఉంటుంది, కొసలకు రంగులద్ది పేరుస్తారు. "అక్కా, నేనూ ఒక వరస పేర్చనా?" అంటే కాదనే ఇల్లు తక్కువ. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ నీళ్లలో వదిలాక "ఇస్తినమ్మ వాయినం" అంటూ సద్దులు (ప్రసాదం) చేతిలో పెడతారు. "పుచ్చుకుంటినమ్మ వాయినం" అని రెండు చేతులతో అందుకోండి. మీరు పొట్లం కట్టి తెచ్చిన పూతరేకులు బయటికి తీయాల్సిన సమయం కూడా ఇదే.

మగవాళ్లకు దీనికి సాటి వచ్చేది మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్. పొద్దున్నే పోండి, ముక్కుకు రుమాలు కట్టుకోండి. బస్తాల పక్కన ధర కోసం ఎదురుచూసే రైతులకు మాట్లాడే తీరిక ఉంటుంది, మాట్లాడాల్సిన బాధా ఉంటుంది. గుంటూరు మనిషైతే చెప్పనే అక్కర్లేదు, యార్డు రేట్ల మీదే పూట గడిచిపోతుంది. వేలం నడుస్తున్నప్పుడు మాత్రం అడ్డం పోవద్దు.

6. ముద్ర మాట వచ్చినప్పుడు

మూడు రకాలుగా వస్తుంది. మూడింటికీ ఒకే మందు పనికిరాదు.

మొదటిది మీ మీద వేసేది: "మీ దిక్కోళ్లు మోసగాళ్లంటగా." ఖండించకండి, కోప్పడకండి. "ఎవరితోనన్నా అట్ల అయిందా అన్నా?" అని అడగండి. నూటికి తొంభై సార్లు వినికిడి మాటే అని తేలుతుంది. మిగతా పదిసార్లు నిజంగా ఒక మనిషి, ఒక చిట్‌ఫండ్, ఒక భూమి వ్యవహారం బయటికొస్తుంది. అది వినండి. వింటే కోపం ఆ ఒక్క మనిషి మీదికి పోతుంది, మీ జిల్లా మొత్తం మీది నుంచి దిగుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. నీళ్లు, ఉద్యోగాల గురించి మాట్లాడేవాళ్లంతా ముద్ర వేస్తున్నట్టు కాదు. 1969 ఉద్యమం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 2009 తర్వాత కాకతీయ యూనివర్సిటీలో ఏం జరిగిందో కళ్లారా చూసినవాళ్లు మీ పక్క సీట్లోనే ఉండొచ్చు. ఉద్యమానికి సిద్ధాంతం చెప్పిన జయశంకర్ సారుది ఇక్కడి అక్కంపేట. ఆ కష్టం వేరు, "ఆంధ్రోళ్లంతా ఇంతే" అనడం వేరు. మొదటిదాన్ని వినాలి, రెండోదాన్ని ప్రశ్నించాలి. లెక్కలు తీసి వాదించాలని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టారో, సోపతి అక్కడే పోయింది.

రెండోది మీ లోపల ఉన్నది. "ఇది నక్సలైట్ల ఏరియా కదా", "పొద్దున లేస్తే కల్లేనట కదా", "వీళ్లది స్వచ్ఛమైన తెలుగు కాదు." పైకి అనకపోయినా ప్రశ్నల్లో బయటపడుతుంది. ఏటూరునాగారంలో దిగి మొదటి ప్రశ్నగా అన్నల (నక్సలైట్ల) గురించి అడిగేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఊళ్లు రెండు వైపుల నుంచీ నలిగాయి, ఆ కథ పరిచయం లేనివాళ్లకు చెప్పరు. భాష సంగతి తేల్చుకోవాలంటే పాలకుర్తి వైపు పోండి. సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర రెండూ అక్కడే. కడపవాళ్లయితే ఇంకా మజా. పోతన మావాడంటే మావాడని ఒంటిమిట్టకూ బమ్మెరకూ ఉన్న తగువు ఎత్తండి. కొట్టుకోకుండా గంటసేపు కొట్లాడుకోవచ్చు.

మూడోది అన్నిటికంటే జారుడు, ఎందుకంటే పొగడ్త రూపంలో వస్తుంది: "మీరు ఆంధ్రోళ్ల లెక్క లేరే!" చాలామంది మురిసిపోయి "థాంక్స్ అన్నా" అంటారు. అన్నారంటే ముద్ర అట్లాగే ఉంది, మిమ్మల్ని ఒక్కరినే దాని నుంచి తప్పించారు. "లేదన్నా, మా ఊళ్లో ఇట్లాంటోళ్లే ఎక్కువ. మా అమ్మను చూస్తే నన్ను మర్చిపోతరు" అని నవ్వుతూ అనండి. ఇంటి మనుషుల సంగతి ఒకటి చెప్పండి. మీరు ఇక్కడి వాళ్లతో "మీరు తెలంగాణ వాళ్లలా అనిపించరు" అనడమూ ఇదే తప్పు. చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేస్తారు.

7. తప్పుకోవాల్సినప్పుడు

మంచి సోపతి తొందరపెట్టదు. "ఇప్పుడే పోదాం, బండెక్కు" అనేవాళ్లను, బిల్లు తామే కడతామని పట్టుబట్టేవాళ్లను, చీకటిపడ్డాక ఊరి బయటికి రమ్మనేవాళ్లను వదిలేయండి. "మా అన్న బస్టాండ్‌కు వస్తున్నడు" అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు.

కల్లు ఇస్తామంటే "అలవాటు లేదన్నా" అనండి, ఎవరూ నొచ్చుకోరు. దుకాణాల్లో కల్తీ కల్లు తాగి జనం ఆస్పత్రుల పాలైన సంఘటనలు ఉన్నాయి. ఒంటరిగా ఉన్నప్పుడు అసలు వద్దు. బొగత జలపాతం దగ్గర కొత్త దోస్తులు నీళ్లలోకి దిగుదామంటే దిగకండి, అక్కడ ప్రాణాలు పోయాయి.

అవసరమైతే 100 లేదా 112. ఆడవాళ్లకు 181 కూడా ఉంది, షీ టీమ్స్ (ఆడవాళ్ల రక్షణకు పోలీసు బృందాలు) ఉన్నాయి. రైల్లో అయితే 139.

మేడారం జాతర ఏడాది మాత్రం ఈ లెక్కలన్నీ మారతాయి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే ఆ నాలుగు రోజులు గది దొరకదు, ఫోన్ కలవదు, జనంలో తప్పిపోవడం ఖాయం. తొలిసారి ఒంటరిగా వచ్చేవాళ్లు జాతర లేని రోజుల్లో రండి. లేదా వరంగల్‌లో పరిచయమైన కుటుంబంతో పోండి, "బంగారం" ఎత్తుకోవడానికి వాళ్లకూ ఒక చెయ్యి కావాలి. అక్కడ బంగారం అంటే బెల్లమే, కంగారుపడకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరూ పలకరించలేదని బాధపడడం. పరిచయమైన అరగంటకే రాజకీయ నాయకుల పేర్లు ఎత్తడం. పచ్చిపులుసు తింటూ "మా పప్పుచారు వేరేలా ఉంటుంది" అని పోల్చడం (మీ ఇంట్లో వాళ్లు అట్లా అంటే మీకెట్లా ఉంటుంది?). ఆడవాళ్లను అడక్కుండా ఫొటో తీయడం. ప్రతి ఆటో డ్రైవర్ మోసం చేస్తాడని ముందే గొంతు పెంచడం. ఎక్కే ముందు రేటు పక్కనున్న కొట్లో అడిగి తెలుసుకోండి, గొంతు అవసరం రాదు.

ఎవరితోనూ మాట కలవకపోయిన రోజూ ఉంటుంది. అది మీ తప్పూ కాదు, ఊరి తప్పూ కాదు. చాయ్ తాగి పడుకోండి, పొద్దున కట్ట మీదికి పోండి.

ఫలితం సరిచూసుకోవడం

రెండో రోజు రాత్రి ఈ మూడూ చూసుకోండి. ఒకటి, కనీసం ఒక మనిషి పేరు, ఊరు, ఆ మనిషిని ఇప్పుడు వేధిస్తున్న విషయం ఒకటి మీకు తెలుసా? రెండు, వాళ్లు మిమ్మల్ని "మీ దిక్కోళ్లు" అనడం మాని "మీ అమ్మ", "మీ తమ్ముడు" అనడం మొదలుపెట్టారా? మూడు, మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు "వీళ్లు" అంటున్నారా, పేర్లు చెబుతున్నారా?

"వరంగల్ వాళ్లు భలే మంచోళ్లు" అని చెబుతుంటే పని సగమే అయింది. చెడ్డ ముద్ర తీసి మంచి ముద్ర వేశారు, అంతే. రేపు ఒక వరంగల్ మనిషి మిమ్మల్ని మోసం చేస్తే పాతది తిరిగొస్తుంది. కొత్తవాడలో ఓపికగా చెప్పిన మనిషి ఉన్నాడు, చిల్లర ఎగ్గొట్టిన కొట్టువాడూ ఉన్నాడు. ఇద్దరి గురించీ చెప్పండి.

ఇంటికి చేరాక ఒక పని మిగిలి ఉంటుంది: పంపిస్తానన్న ఫొటోలు పంపడం. తీసుకున్నవాళ్లలో పంపేవాళ్లు తక్కువ, మగ్గాల దగ్గర ఎవరినడిగినా ఈ మాటే అంటారు. పెద్దవాళ్లకు వాట్సాప్ లేకపోతే బయలుదేరే ముందే వాళ్ల పిల్లల నంబర్ అడిగి, పేరు పక్కన ఊరు కూడా రాసి పెట్టుకోండి.